ఫెయిర్ చేసిన చెయ్యి

“ఎవరు పిలిచారు?”

పొద్దున్నించి ఆవిడ నోట అదే మాట.

వంటింటి గట్టు మీద వారపత్రిక బోర్లా పడి ఉంది. పొయ్యి మీద పాలు పొంగి, పొర్లి, మాడి, గిన్నె అంచుకి నల్లగా పట్టుకుపోయాయి. ఆ వాసన ఇల్లంతా తిరుగుతోంది. కిటికీ తెరుద్దామని ఎవరికీ తోచలేదు.

పెయింటర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. వేళ్ల సందుల్లో నీలం రంగు ఇంకా ఆరలేదు. చెప్పుల షాపు బోర్డు సగంలో వదిలేసి, కూతురు కేకేస్తే పెరట్లోని షెడ్డులోంచి పరుగున వచ్చాడు.

“మిమ్మల్నే అడిగేది. ‘వెనక నుంచి ఎవరో పిలిచినట్టయింది’ అని రాశారుగా. ఎవరు?”

“ఎవరో... అని రాశాను.”

“ఎవరో అంటే? దారిన పోయేవాడా? గేదెల్ని తోలుకెళ్లేవాడా?”

“అంత ఆలోచించలేదు.”

“ఆలోచించలేదు!” ఆవిడ నవ్వింది. “ఇన్ని వారాలుగా ఈ సీరియల్ రాస్తున్నాను. ఆ ఇంట్లో చిన్నకోడల్ని ఒక్కరంటే ఒక్కరు పిలిచారా? అత్త ‘ఏయ్’ అంటుంది. మొగుడు చిటికేస్తాడు. మామ గ్లాసు బల్లకేసి కొడతాడు. పిలిచే దిక్కు లేకే కదండీ అది ఏటి దాకా నడిచింది! అక్కడ మీకో గొంతు దొరికిందా?”

పెయింటర్ గట్టు మీది పత్రిక వైపు చూశాడు.

ఆవిడ రాత చీమలు సిరాలో దొర్లి కాగితం మీద పాకినట్టుంటుంది. మొదటి నవల పంపినప్పుడే పత్రికవాళ్లు చేతులెత్తేశారు. ఆనాటి నించి పెయింటర్ ఫెయిర్ చేస్తున్నాడు. బోర్డులు రాసే చెయ్యి కాబట్టి గుండ్రంగా, అచ్చు గుద్దినట్టు రాస్తాడు. వారం వారం ఆవిడ రాసి షెడ్డులో బల్ల మీద పెడుతుంది. అతను రంగు డబ్బాల మధ్య కూర్చుని మంచి కాగితం మీదికి ఎక్కించి, సైకిల్ మీద పత్రికాఫీసుకి చేర్చి వస్తాడు.

ఇచ్చింది ఇచ్చినట్టు రాయడమే అతనికి తెలిసిన పని. షాపువాడు తప్పు రాసిచ్చినా, వెళ్లి అడిగి, వాడు సరేనంటేనే దిద్దుతాడు. అలాంటి మనిషి ఈ వారం భార్య కథని మార్చేశాడు.

ఆవిడ రాసిన చివరి పేజీలో చిన్నకోడలు ఏట్లోకి దిగింది. తిరిగి రాలేదు. అంతే. చదువుతుంటే అతన్ని భయపెట్టింది చావు కాదు. ఆవిడ కథల్లో చావులు కొత్తేం కాదు. ఆ పేజీలో ఒక్క కొట్టివేత లేదు. మామూలుగా ఆవిడ ఒక మాట రాస్తే రెండు కొట్టేస్తుంది. ఆ పేజీ మాత్రం ఎన్నాళ్లుగానో కంఠతా వచ్చిన పాఠం అప్పజెప్పినట్టు, పై నించి కింది దాకా నున్నగా జారిపోయింది.

అప్పుడే అతని చెయ్యి దారి తప్పింది. వెనక నుంచి ఎవరో పిలిచినట్టయిందని రాశాడు. చిన్నకోడలు ఆగిందని రాశాడు. తడిసిన బట్టలతో ఇంటి వైపు తిరిగిందని రాశాడు. చేరేసి వచ్చాడు. ఆవిడతో ఒక్క మాట అనలేదు. అచ్చయ్యాక తెలుస్తుందని తెలీక కాదు. అచ్చయ్యే దాకా ఆవిడ ఉంటే చాలనుకున్నాడు.

“మాట్లాడరేం?”

“భయమేసింది.”

“దేనికి?”

గుమ్మానికి నీలం అంటుతోందని చూసుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

*

“తలుపు తీసే ఉందే! ఏమ్మా, ఉన్నావా?”

ఎదురింటి టీచరమ్మ. స్కూలుకి బయల్దేరిన మనిషి, భుజాన సంచీ, చేతిలో అదే పత్రిక. అడిగే పని లేకుండా వంటింట్లోకి వచ్చేసింది.

“ప్రాణం తీశావు కదమ్మా వారం రోజులూ! అది ఇల్లు దాటింది మొదలు నాకు ముద్ద దిగితే ఒట్టు. మా ఆయనకి ఒకటే నవ్వు. నువ్వు టీచరువా, ఒకటో క్లాసు పిల్లవా, అది ఉత్త కథే అంటాడు. ఏమైనా చెప్పు, వెనక్కి తిప్పావు చూడు! నీ కడుపు చల్లగా ఉండ.”

రచయిత్రి కొంగుతో చేతులు తుడుచుకుంది. ముఖం మీదికి ఎక్కడి నించో చిరునవ్వు తెచ్చి అతికించుకుంది. పెయింటర్‌కి ఆ అతుకు కనిపించింది.

“నాదేం లేదండీ. ఎవరో పిలిచారట.”

“అదే కదా! ఎవరమ్మా పిలిచింది? వద్దు, చెప్పకు చెప్పకు. వచ్చే వారం చదువుకుంటాను. మొగుడే అయ్యుంటాడు. చిటికెలేసేవాడికైనా కడుపులో ప్రేముంటుంది. పైకి చెప్పుకోడు, అంతే.”

“మొగుడేనండీ,” అంది రచయిత్రి.

“చూశారా! నేను అనుకోలేదూ?” టీచరమ్మ సంబరంగా పెయింటర్ వైపు తిరిగింది. “మీకు ముందే తెలిసుంటుంది. అదృష్టవంతులు. అందరికంటే ముందు చదివేది మీరేగా.”

పెయింటర్ తలూపాడు.

“ఏదో మాడినట్టుందే?”

“పాలు.”

“రాసేవాళ్ల ఇంట్లో ఆ మాత్రం మాడకపోతే ఎలా!” పకపకా నవ్వి, బస్సు తప్పిపోతుందంటూ వెళ్లిపోయింది.

ఆవిడ చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా రచయిత్రి ముఖం మీద నవ్వు అలాగే ఉంది. తర్వాత లోపలి గదిలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి పడుకుంది. పగటి వెలుతురు వీపు మీద పడుతున్నా దుప్పటి నిండా కప్పుకుంది.

పెయింటర్ మాడిన గిన్నె తీసుకుని పీచుతో గీకడం మొదలుపెట్టాడు. గీకుతూనే ఉన్నాడు.

*

మధ్యాహ్నం కాకుండానే వదిన ఆటో దిగింది. రచయిత్రికి పెద్దక్క. బట్టల షాపులో పనిచేస్తుంది. పొద్దంతా నిలబడి నిలబడి కాళ్లు వాచినా, చెల్లెలి ఇంటి మెట్లు మాత్రం దడదడా ఎక్కుతుంది.

“ఏం మరిదీ, మళ్లీ మొదలైందా?”

“కూర్చో వదినా.”

“కూర్చోవడానికి రాలేదు. ఆ కాగితాలన్నీ మూటగట్టి అవతల పారెయ్యమని నెత్తీనోరూ కొట్టుకున్నానా లేదా? నా మాట వింటే కదా. అది రాత కాదయ్యా, రోగం.”

“రోగం రాత వల్ల రాలేదు వదినా.”

“మరి దేని వల్ల వచ్చింది? మా ఇంట్లో ఇంతమందిమి పుట్టాం. అందరం దుక్కల్లా ఉన్నాం. మేమెవరం సంతకం తప్ప ఇంకోటి రాయం.”

స్టూలు మీద కూర్చున్న కూతురికి నవ్వొచ్చింది. నవ్వబోయి ఏడ్చేసింది. కాలేజీ ఎగ్గొట్టి పొద్దున్నించి తల్లి గది గుమ్మం దగ్గరే కాపలా ఉన్న పిల్ల. వదిన గబుక్కున దగ్గరికి తీసుకుంది.

“ఊరుకో తల్లీ. మీ అమ్మకి ఏమీ కాదు. మందులేసుకుంటోందా?”

కూతురు ముక్కు తుడుచుకుంది. తండ్రి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో పెయింటర్‌కి ముందే అర్థమైంది.

“మానేసింది పెద్దమ్మా. ఈ నవల మొదలెట్టిన దగ్గర్నించి.”

“మానేసిందా! ఎవరూ చూడలేదా?”

“నాన్నకి తెలుసు.”

లోపలి గదిలో మంచం కిర్రుమంది. అంతలో ఆగింది.

“మందులు తెచ్చేది నాన్నే కదా,” అంది కూతురు. “ తేవడం మానేశాడు.”

వదిన ముక్కు మీద వేలేసుకుంది. “మరిదీ?”

“ఉన్నాయిలెండి అంది,” అన్నాడు పెయింటర్. “మళ్లీ అడిగాను. ఉన్నాయిలెండి అంది.”

“ఉన్నాయో లేదో కళ్లతో చూశావా?”

“చూడలేదు.”

“ఎందుకు చూడలేదు?”

ఏమని చెప్తాడు? మాత్రలు వేసుకున్నన్నాళ్లూ ఆవిడ ఏడవలేదు, నిజమే. వేళకి తినేది, వేళకి పడుకునేది. తెల్లకాగితం ముందు పెట్టుకుని, ఆఖరి బస్సు కూడా పోయిన స్టాండులో మనిషిలాగా కూర్చునేది. ఏమైనా రాశావా అంటే తల అడ్డంగా ఊపేది. సంవత్సరాల తరబడి షెడ్డులో బల్ల ఖాళీగా పడుంది. మాత్రలు మానిన కొన్నాళ్లకి మొదటి కాగితాలు వచ్చాయి. చదువుతుంటే అతని ఒళ్లు ఝల్లుమంది. ఆవిడ స్నానాల గదిలో పాడుకోవడం మొదలుపెట్టింది. కూతురి జడ లాగి ఏడిపించింది. అతని చొక్కా మీది రంగు మరకలకి పేర్లు పెట్టింది. పోయిన మనిషి తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చేసింది. మందుల పాకెట్ విప్పి చూడమని ఎవరు చెప్తే మాత్రం అప్పుడు అతను చూసేవాడు?

ఆ తర్వాత కాగితాల్లోకి చీకటి కొద్దికొద్దిగా దిగింది. అదీ అతనే ముందు చూశాడు.

“కాగితాలు బాగుండేవి వదినా,” అన్నాడు చివరికి.

“కాగితాలు బాగుండేవా!” వదినకి కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వచ్చింది. “నా చెల్లెలు ఎలా ఉందయ్యా అంటే కాగితాలు బాగున్నాయంటాడేం ఈ మనిషి!”

“నాన్న అంతే పెద్దమ్మా.” కూతురి గొంతు వణికింది. “అమ్మ ఎలా ఉందో తెలియాలంటే నాన్నకి కాగితం కావాలి. అమ్మ ఇక్కడే, ఈ కుర్చీలోనే ఉంటుంది. నాన్న షెడ్డులో కూర్చుని అమ్మని చదువుకుంటాడు. వాన పడుతోందని రాస్తే అమ్మకి దిగులట. పిల్లలు ఆడుతున్నారని రాస్తే పర్వాలేదట. నాతో చెప్తాడు కూడా, ఈ వారం అమ్మ పర్వాలేదు అమ్మలూ అని. ఎలా ఉన్నావే అని ఒక్కసారి అమ్మనే అడగొచ్చు కదా నాన్నా!”

కూతుర్ని కసురుకుందామన్నా కసురు ఎక్కడి నించి వస్తుంది? ఆ మాటలో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యడానికి లేదు.

“సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాలి,” అంది వదిన. “వస్తుందా?”

“అడగాలి.”

“అయితే అడుగు. ఈసారి నోటితో అడుగు.”

*

అడుగుదామనే లేచాడు. గది గుమ్మం దాకా వెళ్లాడు. దుప్పటి కదల్లేదు. తిరిగొచ్చి షెడ్డులోకి పోయాడు.

రేకు బోర్డు గోడకి ఆనించి ఉంది. ‘చెప్పు’ దాకా రాశాడు. తక్కిన అక్షరాలకి చాక్ గీతలు మాత్రమే ఉన్నాయి. బ్రష్ తీసి టర్పెంటైన్‌లో ముంచాడు కానీ బోర్డుకి ఆనించలేదు.

వెనక అలికిడైంది.

“నా పేజీ ఏది?”

రచయిత్రి. జుట్టు ముడి వదులైపోయింది. పడుకున్న చెంప మీద దిండు గీతలున్నాయి.

“లేదు,” అన్నాడు.

“చించేశారా?”

“దాంతో బ్రష్ తుడిచాను.”

ఆవిడ బల్ల మీది బ్రష్‌ల వంక చూసింది. “ఏ బ్రష్?”

“ఎర్ర రంగుది.”

“ఊఁ,” అంది. మూతేసిన రంగు డబ్బా ఒకటి లాక్కుని దాని మీద కూర్చుంది. ఆవిడ షెడ్డులోకొచ్చి కూర్చోవడం ఎన్నాళ్లకో. టర్పెంటైన్ వాసన పడదనేది. ఇవాళ ఆ మాట అనలేదు.

“మళ్లీ రాయి,” అన్నాడు. “నువ్వు రాసినట్టే ఫెయిర్ చేస్తాను. ఎడిటర్ గారి కాళ్లు పట్టుకుని వేయిస్తాను. తప్పు నాదని చెప్తాను.”

“రాదు. ఒకసారే వచ్చింది అది.”

“నువ్వు రాయలేనిదేముంది?”

“మీకు తెలీదు.” ఆవిడ గొంతులో పొద్దున్నటి పదును లేదు. అలసట ఉంది. “మాత్రేసుకుంటే ఏడుపు రాదు. మాట కూడా రాదు. రెండూ నాకు ఒక కుళాయిలోంచే వస్తాయి. కట్టేస్తే రెండూ ఆగిపోతాయి. నేనేం చెయ్యను? పోయిన నవల్లో ముసలాయన పోయినప్పుడు గుర్తుందా?”

గుర్తుంది. ఆ భాగం రాసిచ్చాక ఆవిడ పసిపిల్లలా నిద్రపోయింది. లేచి ఆకలేస్తోందంది. తిన్నాక కాసేపు వాకిట్లో నిలబడి, గాలి బాగుంది కదండీ అంది.

“నేను మోస్తున్నది ఆయనతో పంపించేశాను. అంతకు ముందు కథలో పిల్లాడితో పంపాను. ఈసారి అది మరీ బరువైపోయింది. చిన్నకోడలితో పంపుదామని వారాల తరబడి దాన్ని ఏటి దాకా నడిపించుకుంటూ వచ్చాను. అది వెళ్లిపోతే నేను ఇంటికొచ్చేదాన్ని. మీరు దాన్ని వెనక్కి తిప్పారు.” ఆవిడ అతని చేతుల వంక చూసింది. “అందరూ సంతోషించారు. టీచరమ్మ అన్నం తిన్నది. ఇప్పుడు ఆ బరువు ఎవరెత్తుకోవాలండీ?”

పెయింటర్ చేతిలోంచి బ్రష్ జారి కింద పడింది. వంగి తియ్యలేదు.

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో. ఆవిడ స్నానానికి వెళ్లి ఆలస్యమైతే తలుపు దగ్గర దగ్గేవాడు. మేడ మీదికి వెళ్తే తనకీ అక్కడేదో పనున్నట్టు వెనకే ఎక్కేవాడు. మాట మాత్రం నోట్లోంచి ఊడిపడలేదు. అంటే ఆ తలపు తనే పెట్టినట్టవుతుందేమోనని భయం.

“నీకు చచ్చిపోవాలనుందా?” అన్నాడు.

అతని గొంతు అతనికే వేరేవాళ్లదిలా వినిపించింది.

ఆవిడ తలెత్తింది. కోప్పడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఏదీ చెయ్యలేదు. భుజాలు కొంచెం కిందికి దిగాయి, అంతే. నెత్తి మీది గంప మరొకరు ఒక పక్క పట్టుకున్నట్టు.

“ఉంది,” అంది. “రోజూ కాదు.”

“ఇవాళ?”

“ఇవాళ ఉంది.”

అతను ఆవిడ ముందు నేల మీద చతికిలబడ్డాడు. మంచి మాట ఒకటి చెప్దామంటే, ఆవిడ ముందు తన మాటలెంత! ఒళ్లో ఉన్న ఆవిడ చెయ్యి అందుకున్నాడు. టర్పెంటైన్‌కి కరిగిన నీలం రంగు ఆవిడ వేళ్లకీ అంటుకుంది.

“డాక్టరమ్మ దగ్గరికి పోదాం.”

“పోతే మాత్రలిస్తుంది.”

“ఇస్తుంది.”

“రాత పోతుంది.”

పోదులే అనబోయాడు. నాలిక చివర దాకా వచ్చింది. ఆపుకున్నాడు. ఆ అబద్ధానికి ఆవిడ ఇంకెప్పుడూ తన మాట నమ్మదనిపించింది.

“పోవచ్చు,” అన్నాడు.

ఆవిడ కళ్లు నిండాయి. “ఆ మాట అన్నవాళ్లు మీరొక్కరే,” అంది. లేచి, అతని భుజం మీద చెయ్యి ఆన్చి, కాసేపు అలాగే నిలబడింది. తర్వాత బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

*

ఆస్పత్రి వరండాలో కుర్చీలు గోడ వెంబడి వరసగా ఉన్నాయి. వాటిలో కూర్చున్నవాళ్లెవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఎదుటి గోడకి ‘నిశ్శబ్దం’ అని బోర్డు ఉంది. అక్షరాలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. ఎవడో తొందరలో రాశాడు. వేరే రోజయితే పెయింటర్ మనసులో దాన్ని చెరిపి కొత్తగా రాసుకునేవాడే.

రచయిత్రి లోపలికి వెళ్లి చాలాసేపైంది. వదిన కొంగు కొస వేలికి చుడుతోంది, విప్పుతోంది. కూతురు తండ్రి పక్క కుర్చీలో కూర్చుంది. పొద్దున అన్న మాటలకి నొచ్చుకున్నాడేమోనని వారగా చూస్తోంది. అతను జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. పిల్ల తీసుకుంది.

జేబులో ఫోన్ మోగింది. ఎడిటర్ గారు.

“ఏమయ్యా, అదరగొట్టేసింది మీ ఆవిడ! ఆఫీసుకి ఒకటే ఫోన్లు. చిన్నకోడలు ఇంటికి చేరిందా, తలుపు ఎవరు తీశారు అని. వచ్చే భాగం రేపటికల్లా కావాలి. ఎక్కువ రాసినా పర్వాలేదు, పేజీలిస్తాం.”

“అవి ఆవిడ రాసినవి కావండీ.”

“ఏవి?”

“వెనక్కి తిరిగిన ముక్కలు. నేను రాశాను. ఆవిడకి చెప్పకుండా.”

ఎడిటర్ గారు గొంతు తగ్గించారు. “నువ్వు రాశావా? ఎందుకయ్యా?”

“ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నామండీ. రేపటికి రాదు. ఎప్పటికి వస్తుందో తెలీదు.”

ఎడిటర్ గారు ఏదో అంటున్నారు. ఆరోగ్యం జాగ్రత్త అన్నట్టూ వినిపించింది, ఇలాగైతే ఆపెయ్యాల్సి వస్తుంది మరి అన్నట్టూ వినిపించింది. ఇంతలో డాక్టరమ్మ గది తలుపు తెరుచుకుంది. రచయిత్రి బయటికొచ్చి, ఎవరి వంకా చూడకుండా, వరండా చివర కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

“ఆవిడ భర్త ఎవరు? లోపలికి రండి,” అంది నర్సు.

వదిన కూడా వెంట నడిచింది. రావద్దని ఎవరూ అనలేదు.

డాక్టరమ్మ చిన్న మనిషి. పెద్ద కళ్లద్దాలు. సూటిగా చూసి సూటిగా అడిగే రకం.

“మీరు ఇవాళ ఆవిడని ఒక మాట అడిగారట.”

“అడిగానండీ.”

“మంచి పని చేశారు. దాచుకోకుండా నాతోనూ చెప్పింది. కొన్నాళ్లు ఇక్కడే ఉంచాలి. మందులు మళ్లీ మొదలుపెట్టాలి. పాత మందు కాదు, వేరేది చూద్దాం. ఎలా పనిచేస్తుందో ఇప్పుడే చెప్పలేను.” కాస్త ఆగింది. “ఉండటానికి ఒప్పుకుంది. ఒకటే అడిగింది. రాసుకోవడానికి కాగితాలు కావాలంది.”

“వద్దండీ!” వదిన ముందుకొచ్చింది. “దాన్ని ఇక్కడిదాకా తెచ్చినవి ఆ కాగితాలేనండీ. విషమిచ్చినట్టే.”

డాక్టరమ్మ ఆవిడ మాట కొట్టెయ్యలేదు. పెయింటర్ వైపే చూస్తోంది.

“కొందరికి రాసుకోవడం మంచి చేస్తుంది. కొందరు రాస్తున్నకొద్దీ లోపలికి కూరుకుపోతుంటారు. ఈవిడ సంగతి ఇంకా నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఆవిడ రాసిన ప్రతి మాటా మీ చేతి మీదుగా వెళ్లిందట కదా. మీరేమంటారు, ఇవ్వమంటారా?”

పెయింటర్ తన చేతుల వంక చూసుకున్నాడు. ఇవ్వమంటే? రేపు ఏ పేజీలో కొట్టివేతలుండవో ఎవరు చూస్తారు? వద్దంటే? ఆ తెల్లగోడల మధ్య ఆవిడ మళ్లీ బస్సు రాని స్టాండులో కూర్చుంటుంది. వదిన చూపు చెంప మీద చురుక్కుమంటోంది. ఇంతకు ముందొకసారి ఆవిడ తరఫున తనే తేల్చేశాడు. దాని ఫలితమే కదా ఈ కుర్చీ.

“ఒక్క నిమిషం డాక్టరుగారూ,” అని లేచాడు.

వరండా దాటి, కిటికీ దగ్గర ఆవిడ పక్కన కూర్చున్నాడు. కిటికీ అవతల ఎవరివో దుప్పట్లు తీగ మీద ఆరుతున్నాయి. ఆవిడ వాటినే చూస్తోంది.

“కాగితాలడిగావట.”

“ఇవ్వనంటోందా?”

“ఇంకా ఏమీ అనలేదు. ఏం రాద్దామని?”

ఆవిడ వేలికి అంటిన నీలం మరకని గోటితో గీకింది.

“మీరు వెనక్కి పంపించారుగా. అది తడి బట్టలతో నడుచుకుంటూ ఇంటికి పోతోంది. పొద్దున్నించి నాకు అదే కనిపిస్తోంది. కోపంతో కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది. వాకిలి దాకా వచ్చేసింది.”

“తర్వాత?”

“తలుపేసి ఉంది. తడుతుందో, మళ్లీ ఏటికే పోతుందో తెలీడం లేదు.” మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. “రాస్తేనే తెలుస్తుంది. రాస్తే ఏది తెలుస్తుందోనని నాకూ భయంగానే ఉంది.”

“భయమైతే పిలు. షెడ్డులో కాదు, ఇక్కడే ఉంటాను. ఈ కుర్చీలో.”

“మార్చరుగా?”

“మార్చను.”

“అది ఎటు పోయినా?”

ఈ మాటకి పెయింటర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆవిడ ఎదురుచూస్తోంది.

వరండా ఆ చివర నర్సు ఫైలు పట్టుకుని నిలబడింది. “గది సిద్ధమైందమ్మా. వస్తారా?”

రచయిత్రి లేవలేదు. అతని ముఖం మీది నించి చూపు తియ్యలేదు.